కరాటేనా, బాక్సింగా, కుస్తీనా: నిజంగా కొట్లాట వస్తే పనికొచ్చేది ఏది?

2021 ఆగస్టు 7, టోక్యో ఒలింపిక్స్, కరాటేలో మగవాళ్ల 75 కేజీల పైన కేటగిరీ ఫైనల్ జరుగుతోంది. సౌదీ కుర్రాడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు, ఎదురుగా ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే. చూస్తుండగానే హమేదీ కాలు లేచి అవతలివాడి తల పక్కన తగిలింది, గంజ్‌జాదే అక్కడికక్కడే కూలబడ్డాడు, స్పృహ లేదు, స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. గోల్డ్ మెడల్ ఎవరికిచ్చారో తెలుసా, ఆ స్ట్రెచర్ మీద వెళ్లినవాడికి. హమేదీ డిస్‌క్వాలిఫై, ఎందుకంటే ఆ రూల్స్‌లో దెబ్బ వేగంగా వెళ్లాలి కానీ తగిలీ తగలనట్టు ఆగాలి, కంట్రోల్ తప్పి గట్టిగా తగిలితే ఫౌల్.

ఇదేం ఫైటింగ్ రా బాబూ అని ఆ రోజు చాలామంది నవ్వుకున్నారు. కానీ ఆ రూల్‌కీ ఒక లెక్కుంది, పల్చటి గ్లోవ్స్‌తో, హెల్మెట్ లేకుండా తలకి గురిపెట్టే ఆటలో దెబ్బని ఆపగలగడమే పనితనం అని వాళ్లు పెట్టుకున్నారు, అంతే. మనం పట్టుకోవాల్సింది ఏంటంటే, ఏ స్పారింగ్ అయినా, అంటే ప్రాక్టీస్ కోసం ఇద్దరు ఎదురెదురుగా దిగి ఆడే ఫైట్, ఏదో ఒక రూల్ కిందే జరుగుతుంది, ఆ రూల్ దేనికి పాయింట్ ఇస్తే ఒళ్లు అదే నేర్చుకుంటుంది, దేన్ని ఆపేస్తే దాన్ని మర్చిపోతుంది. ఏ స్టైల్ గొప్పది అనే గొడవలన్నిటికీ తాళంచెవి ఇక్కడే ఉంది.

మన దగ్గర ఈ గొడవ ఎలా సాగుతుందో తెలిసిందే కదా. ఒకడు బ్రూస్ లీ అంటాడు, ఇంకొకడు టైసన్ ముందు ఎవడూ నిలబడడంటాడు, మూడోవాడు మా తాతగారి ఊళ్లో ఒక పహిల్వాన్ ఉండేవాడు, ఎద్దుని కొమ్ములు పట్టుకుని పడేసేవాడంట అని మొదలుపెడతాడు. అందరూ అయ్యాక ఎవరో ఒక మాస్టారి శిష్యుడొచ్చి బ్రహ్మాస్త్రం వదుల్తాడు: "మాది ఆట కాదండీ, నిజం ఫైట్ కోసం, మా టెక్నిక్స్ వాడితే అవతలివాడు చచ్చిపోతాడు, అందుకే మేం స్పారింగ్ చెయ్యం." వినడానికి బలంగానే ఉంటుంది. కానీ ఈ మాటకి జవాబు దాదాపు నూట నలభై ఏళ్ల కిందటే జపాన్‌లో ఒకాయన చేసి చూపించాడు.

ఆయన పేరు జిగొరో కానో. 1882లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకముందే, టోక్యోలో ఒక బౌద్ధ గుడిలో పన్నెండు చాపలు పరుచుకుని కొడోకాన్ అనే స్కూల్ పెట్టాడు, జూడో పుట్టింది అక్కడే. అప్పటిదాకా జుజుత్సు, అంటే జపాన్ వాళ్ల పాత పట్టులాట విద్య, నేర్పే స్కూళ్లలో ఎక్కువ భాగం కటా పద్ధతిలో సాగేది, అంటే నువ్వు ఇలా పట్టుకో నేను ఇలా తిప్పుతా అని ముందే అనుకుని చేసే ప్రాక్టీస్. కానో ఏం చేశాడంటే, కళ్లలో పొడవడం, వేళ్లు విరిచెయ్యడం, గుద్దులు, తన్నులు లాంటి ప్రమాదకరమైనవన్నీ తీసి కటా వరకే ఉంచేశాడు. మిగిలిన త్రోలు (ఎత్తి పడెయ్యడం), అదిమిపట్టడం, గొంతు బిగించడం, చెయ్యి మడవడం లాంటివి మాత్రం ఇద్దరూ ఫుల్ బలంతో, ఎవరు ఏం చేస్తారో ముందు తెలియకుండా చెయ్యమన్నాడు, దానికి రండోరి అని పేరు. అప్పట్లో పాతకాలం వాళ్లకి ఇది కోరలు పీకిన పాములాగే కనపడి ఉండాలి. తీరా 1880లలో టోక్యో పోలీసుల దగ్గర జరిగిన పోటీల్లో ఈ కోరల్లేని కుర్రాళ్లే పాత స్కూళ్ల వాళ్ల మీద పైచేయి సాధించారు.

ఎందుకలా అయిందో ఆలోచిస్తే పెద్ద రహస్యమేం లేదు. కొడోకాన్ కుర్రాడు రోజూ తన భుజం మీదుగా ఎత్తి పడేస్తున్నది పడటానికి ఇష్టపడని మనిషిని. వాడు నడుం కిందికి దించుతాడు, చెయ్యి లాక్కుంటాడు, పట్టు దొరకనివ్వడు, పైగా ఎదురు పడేస్తాడు. ఇరవై సార్లు ట్రై చేస్తే ఒకసారి పడతాడు, ఆ ఒక్కసారి ఎందుకు పడ్డాడో ఒంటికి తెలుస్తుంది. కంట్లో పొడిచే టెక్నిక్ నేర్చుకున్నవాడు మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా ఎవరి కంట్లోనూ పొడవలేదు, గాల్లో పొడిచాడు. పదేళ్లు అద్దం ముందు కవర్ డ్రైవ్ ప్రాక్టీస్ చేసినవాణ్ణీ, పదేళ్లు వీధిలో టెన్నిస్ బాల్‌తో ఆడినవాణ్ణీ ఒకే పిచ్ మీద దించి నూట ముప్పై స్పీడ్‌లో బంతి వేస్తే ఎవరు బతుకుతారో చెప్పక్కర్లేదు, ఆడిన షాట్ ఎంత అందంగా ఉందో అక్కడ ఎవడికీ పట్టదు. సేఫ్‌గా ఉండే టెక్నిక్‌నే ఫుల్ స్పీడ్‌లో వేల సార్లు చెయ్యొచ్చు కాబట్టి అదే చివరికి ప్రమాదకరమైనదవుతుంది, ప్రమాదకరమైన టెక్నిక్‌ని ఎప్పుడూ చెయ్యలేం కాబట్టి అది పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఈ రోజుల్లో ట్రైనింగ్ లోకంలో దీన్ని అలైవ్‌నెస్ అంటారు, అమెరికన్ కోచ్ మ్యాట్ థోర్న్‌టన్ బాగా ప్రచారంలోకి తెచ్చిన మాట ఇది. ఎదుటివాడు కదులుతూ ఉండాలి, నిజమైన బలం పెట్టాలి, టైమింగ్ ముందే ఫిక్స్ అయి ఉండకూడదు, ఇంతే.

కొడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా అనే ఆయన ఊళ్లు తిరుగుతూ చాలెంజ్ మ్యాచ్‌లు ఆడుకుంటూ 1914లో బ్రెజిల్ చేరాడు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో కార్లోస్ గ్రేసీ ఒకడు, ఆ కుటుంబం దాన్ని నేలమీద ఫైటింగ్ వైపు సాగదీసి బ్రెజిలియన్ జియు జిట్సు చేసింది. 1993 నవంబర్ 12న అమెరికాలో డెన్వర్‌లో ఏ స్టైల్ వాడైనా దిగగలిగే యూఎఫ్‌సీ పోటీ మొదటిసారి జరిగినప్పుడు ఆ ఇంటి అబ్బాయి రాయిస్ గ్రేసీ, 80 కేజీలు కూడా సరిగ్గా ఉంటాడో లేదో అన్నట్టుండే సన్నటి మనిషి, ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. వాళ్లలో ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఒక్క చేతికే గ్లోవ్ వేసుకొచ్చాడు, కిందపడి మీద మనిషి ఎక్కి కూర్చోగానే ఏం చెయ్యాలో తెలియక సరెండర్ అయిపోయాడు. బాక్సర్‌కి గుద్దడం రాదనా, కాదు, గుద్దే అవకాశం లేని చోటికి ఎప్పుడూ వెళ్లలేదు.

అయితే ఒక మాట చెప్పుకోవాలి, ఆ పోటీ మొదలుపెట్టినవాళ్లలో రాయిస్ వాళ్ల అన్నయ్య రోరియన్ కూడా ఒకడు, మైదానం వాళ్లది, రూల్స్‌లో వాళ్ల చెయ్యి ఉంది, అవతలివాళ్లకి ఆ ఆటే కొత్త. నాలుగేళ్లలో లెక్క మారింది. 1997 జూలైలో యూఎఫ్‌సీ 14లో మారిస్ స్మిత్ అనే కిక్‌బాక్సర్, మార్క్ కోల్‌మన్ లాంటి భారీ రెజ్లర్ కింద పడేసినా ఓపిగ్గా కాచుకుని, అతన్ని అలసగొట్టి, టైటిల్ లాక్కున్నాడు. 2009లో లియోటో మచీదా షోటోకాన్ అనే రకం కరాటే పునాదితోనే యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు, కరాటే చచ్చిపోయింది అని తేల్చేసినవాళ్లంతా నాలిక్కరుచుకున్నారు. మచీదా దగ్గర ఉన్నది కరాటే దూరం, కరాటే టైమింగ్, దానికి తోడు సుమో, జియు జిట్సు, ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపిన ఆట) వాళ్లతో రోజూ స్పారింగ్.

రూల్స్ మనిషిని ఎంత మారుస్తాయో చూడాలంటే ఇంకో మ్యాచ్ ఉంది. 1976 జూన్ 26న టోక్యోలో మహమ్మద్ అలీకీ, జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీకీ పోటీ పెట్టారు. ఇనోకీ చెయ్యగలిగే వాటిలో సగం రూల్స్‌తో కట్టేశారు, దాంతో ఆయన పదిహేను రౌండ్లు దాదాపు వెల్లకిలా పడుకుని అలీ కాళ్ల మీద తన్నుతూ ఉండిపోయాడు, అలీ చుట్టూ తిరుగుతూ లేవరా లేవరా అని అరవడం తప్ప గుద్దింది బహు తక్కువ. డ్రా అన్నారు. జనం చెత్త విసిరారు. అలీ కాళ్లు మాత్రం వాచి రక్తం గడ్డకట్టి హాస్పిటల్ దాకా వెళ్లాల్సొచ్చింది. ప్రపంచంలోనే బెస్ట్ బాక్సర్‌కి కాలి మీద తన్నుని ఎలా ఆపాలో తెలియదు, ఎందుకంటే తన జీవితంలో ఎవరూ అక్కడ తన్నలేదు.

ఇప్పుడు ఏ ట్రైనింగ్ ఏమిస్తుంది, ఏం దాచేస్తుంది అనే దాంట్లోకి వద్దాం. అన్నీ సమానంగా చెప్పను, కొన్నిటి గురించి ఎక్కువ చెప్పాల్సింది ఉంది.

బాక్సింగ్ ముందు. నాకు దీనిమీద కొంచెం పక్షపాతం ఉందనుకోండి. నేర్చుకోవాల్సిన దెబ్బలు నాలుగైదే, ముందు చేత్తో సూటిగా వేసే జాబ్, వెనక చేత్తో వేసే క్రాస్, పక్కనుంచి హుక్, కిందనుంచి అప్పర్‌కట్, అందుకే ఆరు నెలల్లోనే మనిషిలో తేడా కనపడుతుంది. అసలు లాభం గుద్దడంలో కంటే గుద్దించుకోవడంలో ఉంది. మొదటిసారి స్పారింగ్‌కి దిగినవాణ్ణి దగ్గర్నుంచి చూడండి: భుజాలు చెవుల దాకా లేస్తాయి, మౌత్ గార్డ్‌ని పళ్లతో కొరికేస్తుంటాడు, ఊపిరి బిగబట్టేస్తాడు, జాబ్ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని మొహం పక్కకి తిప్పేస్తాడు, ముప్పై సెకన్లకి చేతులు బరువెక్కి కిందికి జారతాయి, నిమిషం అయ్యేసరికి నోరు తెరిచి గోడ గడియారం వంక చూస్తుంటాడు. జిమ్‌కి వెళ్లి డంబెల్స్ ఎత్తే కుర్రాడైనా అంతే. అదే మనిషి నాలుగు నెలలు వారానికి రెండుసార్లు రింగ్‌లో దిగాక ముక్కు మీద ఒకటి పడినా కళ్లు తెరిచే ఉంచుతాడు, ఊపిరి వదుల్తూనే ఉంటాడు, అడుగు పక్కకి వేసి తిరిగి జాబ్ వేస్తాడు. ఈ మార్పు ఏ కటాతోనూ రాదు. నిఖత్ జరీన్ నిజామాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు తోటి ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే స్పారింగ్ చెయ్యాల్సొచ్చింది, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ చాంపియన్ అయ్యే దారి అక్కడే మొదలైంది. బాక్సింగ్ దాచేది ఏంటంటే, నడుం పట్టుకుంటే రిఫరీ వచ్చి విడదీస్తాడు, కాలి మీద ఎవరూ తన్నరు, తల కిందికి వంచితే మోకాలు రాదు. ఇంకోటి, 1867 క్వీన్స్‌బెర్రీ రూల్స్ నుంచీ చేతికి గ్లోవ్ ఉంటుంది, దాని సంగతి వీధి కొట్లాట దగ్గర చెప్తా.

కుస్తీ, రెజ్లింగ్, జూడో, రష్యా వాళ్ల సాంబో ఒక కుటుంబం. నిజం చెప్పాలంటే, ఒక్కదాన్నే ఎంచుకోమంటే చాలామంది ఎంఎంఏ కోచ్‌లు రెజ్లింగ్ వైపే వేలు చూపిస్తారు, ఎందుకంటే ఫైట్ నిలబడి సాగాలా, నేలమీద సాగాలా అని డిసైడ్ చేసేది రెజ్లరే. యూఎఫ్‌సీ చాంపియన్ ఖబీబ్ నుర్మగమెదోవ్ రష్యాలోని డాగెస్తాన్ రెజ్లింగ్, సాంబోలతో పెరిగి 29 ఫైట్లు గెలిచి ఒక్కటీ ఓడకుండా రిటైర్ అయ్యాడు, వాడు ఏం చేస్తాడో అందరికీ ముందే తెలుసు, అయినా ఎవరూ ఆపలేకపోయారు. మన దగ్గర ఈ సంపద ఎప్పట్నుంచో ఉంది. హైదరాబాద్ పాతబస్తీ తాలీమ్‌లు (కుస్తీ నేర్పే చోట్లు), బార్కస్ పహిల్వాన్లు, నిజామాబాద్ వైపు ఊళ్లలో జాతరకి, హోలీకి జరిగే కుస్తీలు, కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీ దాకా సాగేవి. ఉత్తరాంధ్రలో కోడి రామ్మూర్తి నాయుడి పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. గోదాలో దిగిన పహిల్వాన్ రోజూ చేసే జోర్ ఉంది చూశారూ, ఒకరి మెడ మీద ఒకరు చెయ్యేసి మట్టిలో గంటసేపు నెట్టుకోవడం, కానో చెప్పిన రండోరీ అదే. కానీ మన వాళ్లలో చాలామంది తెల్ల డ్రెస్సు, రంగు బెల్టు ఉంటేనే మార్షల్ ఆర్ట్ అనుకుంటారు, మట్టి అంటిన లంగోటీకి ఆ మర్యాద ఇవ్వరు. దాచేది? కుస్తీలో భుజాలు నేలకి తగిల్తే ఆట అయిపోతుంది, కాబట్టి వీపు కింద పెట్టి ఫైట్ చెయ్యడం రాదు, గుద్దులు అసలే లేవు. జూడోలో పట్టంతా బట్టల మీద ఆధారపడుతుంది, పైగా 2010 నుంచి కాళ్లు పట్టుకుని పడేసే టెక్నిక్స్‌ని దశలవారీగా బ్యాన్ చేసేశారు, కాబట్టి ఇప్పటి జూడో కుర్రాడికి కాళ్లకి అడ్డం పడేవాణ్ణి ఆపే అలవాటు తగ్గింది.

థాయ్‌లాండ్ వాళ్ల ముయే థాయ్‌లో మోచేతులు, మోకాళ్లు, క్లించ్ (మెడ పట్టుకుని దగ్గరగా పెనుగులాడటం) అన్నీ ఉంటాయి, నిలబడి చేసే వాటిలో నిండుగా ఉండేది అదే. బీజేజేకి, అంటే బ్రెజిలియన్ జియు జిట్సుకి, ఇంకో పెద్ద వరం ఉంది, తలకి దెబ్బ తగలకుండా ఫుల్ బలంతో రోజూ చెయ్యొచ్చు, గొంతు బిగిస్తే చేత్తో తడితే వదిలేస్తారు, నలభై దాటినవాళ్లు కూడా మర్నాడు ఆఫీసుకి వెళ్లగలరు. కానీ స్పోర్ట్ బీజేజే మాత్రమే చేసినవాడు కావాలని వీపు మీద పడుకోవడం అలవాటు చేసుకుంటాడు, పైనున్నవాడు గుద్దొచ్చు అనే సంగతే మర్చిపోతాడు. టైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్ మెడల్ ఆట, మొహం మీద పంచ్ బ్యాన్ కాబట్టి చేతులు కిందికి వేలాడేసి కాళ్లతోనే ఆడతారు, వాళ్ల కాలి వేగం మాత్రం అద్భుతం. క్యోకుషిన్ కరాటే వాళ్లు ఒంటి మీద గట్టిగా కొట్టుకుంటారు, మహా మొండివాళ్లు, కానీ అక్కడా మొహానికి పంచ్ లేదు, దగ్గరికొచ్చాక తలకి గార్డ్ ఉండదు. కరాటే అనే ఒక్క పేరు కింద ఇన్ని రకాలున్నాయి, కాబట్టి కరాటే పనికొస్తుందా అని అడిగితే ఎవరి దగ్గర, ఏ రూల్స్‌తో అని ఎదురు అడగాల్సిందే.

స్పారింగ్ లేని స్కూళ్ల సంగతికొస్తే 2017 ఏప్రిల్‌లో చైనాలో చెంగ్డూలో జరిగింది చాలామంది చూసే ఉంటారు. షు షియావ్‌దోంగ్ అనే ఎంఎంఏ కోచ్, పెద్ద చాంపియన్ కూడా కాదు, వెయ్ లెయ్ అనే తాయ్‌చీ మాస్టర్‌ని ఇరవై సెకన్లలోపే కింద పడేసి గుద్దేశాడు. తాయ్‌చీ మొత్తం పనికిరాదని దీంతో తేలిపోదు, ఆ మాస్టర్ తన మీదకి నిజంగా దూకే మనిషిని ఎప్పుడూ ఎదుర్కోలేదని మాత్రం తేలింది. మన కలరిపయట్టు, కర్రసాములనీ ఈ దృష్టితోనే చూడాలి, ఒంటికి ఇచ్చే వంపు, అడుగు, ఆయుధం మీద పట్టు గొప్పవి, పరంపర గొప్పది, వాటి విలువ ఎక్కడికీ పోదు, కానీ ముందే అనుకుని ఆడే కర్రని కొట్లాటకి ట్రైనింగ్ అని ఫీజు తీసుకుంటే అది చెవిలో పువ్వే.

సరే, స్పారింగ్ మంచిదే, మరి ఎంత గట్టిగా? ఇక్కడ మన కుర్రాళ్లు పెద్ద తప్పు చేస్తున్నారు. రోజూ రక్తం కారేలా కొట్టుకుంటేనే మగతనం అనుకుంటారు. థాయ్‌లాండ్ క్యాంపుల్లో చూస్తే చిన్నప్పట్నుంచి తరచూ నిజం ఫైట్లు ఆడేవాళ్లు ప్రాక్టీస్‌లో మాత్రం నవ్వుకుంటూ, కాలు తాకించి వదిలేస్తూ ఆడుకుంటారు. హాలండ్ కిక్‌బాక్సింగ్ జిమ్‌లు దీనికి రివర్స్, అక్కడ గట్టి స్పారింగ్‌కి పేరు, మంచి ఫైటర్లూ వచ్చారు, దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. యూఎఫ్‌సీ ఫైటర్ మ్యాక్స్ హాలోవే స్పారింగ్ మానేశానని బాహాటంగా చెప్పి 2021 జనవరిలో కాల్విన్ కేటర్ మీద 445 సిగ్నిఫికెంట్ స్ట్రైక్స్ (లెక్కలోకి తీసుకునే దెబ్బలు) వేసి రికార్డు పెట్టాడు, అయితే అది చూసి కొత్తవాళ్లు కూడా స్పారింగ్ అక్కర్లేదు అనుకోకూడదు, అతను అప్పటికే ఏళ్ల తరబడి కొట్టుకుని ఉన్నాడు. తలకి దెబ్బలతో మెదడు పాడవుతుందన్నది కొత్త సంగతేం కాదు, 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టర్ బాక్సర్లలో వచ్చే ఈ జబ్బు గురించి రాశాడు. నాకౌట్ అవ్వక్కర్లేదు, చిన్న దెబ్బలు కూడా పోగుపడతాయి. మామూలు ఉద్యోగం చేసుకునేవాళ్లకి తలకి సగం కంటే తక్కువ బలం, ఒంటికి కొంచెం ఎక్కువ, పట్టులాటలో ఫుల్, ఇలా ఉంటే చాలు. దెబ్బ తిని కళ్లు బైర్లు కమ్మిన రోజు అక్కడితో ఆపెయ్యాలి, మర్నాడు తలనొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఏం కాదులే అని మళ్లీ హెల్మెట్ పెట్టుకోకూడదు.

ఇప్పుడు వీధి. రింగ్‌లో గంట కొడతారు, ఎదురుగా నీ బరువున్న మనిషే ఉంటాడు. బయట కొట్లాట మాటలతో మొదలవుతుంది, అవతలివాడు మొహం మీదకొచ్చి వేలు చూపిస్తూ తిడుతుంటాడు, దూరం అడుగు కూడా ఉండదు, గార్డ్ లేదు, మొదటి దెబ్బ మాటల మధ్యలోనే పడుతుంది. స్పారింగ్ చేసినవాళ్లు కూడా తినేసేది ఆ దెబ్బే, ఎందుకంటే వాళ్ల ప్రాక్టీస్ ఎప్పుడూ ఆరడుగుల దూరం నుంచి, చేతులు పైకెత్తి మొదలవుతుంది. కాబట్టి అరుస్తున్నవాడు దగ్గరికి వస్తుంటే చేతులు చాతీ ముందు తెరిచి, వద్దు బ్రదర్ అన్నట్టు పెట్టుకుని వెనక్కి నడవడం కూడా ప్రాక్టీస్ చెయ్యాల్సిన టెక్నికే.

గ్లోవ్ సంగతి చెప్తా అన్నాను. 1988 ఆగస్టులో, అప్పటి హెవీవెయిట్ చాంపియన్ మైక్ టైసన్ న్యూయార్క్‌లో హార్లెంలో తెల్లవారుజామున మిచ్ గ్రీన్ అనే మరో బాక్సర్‌తో రోడ్డు మీద కొట్టుకున్నాడు. గ్రీన్ కన్ను వాచి మూసుకుపోయింది, టైసన్ కుడి చేతి ఎముక కూడా చిట్లింది, ఫ్రాంక్ బ్రూనోతో జరగాల్సిన ఫైట్ వాయిదా పడింది. భూమ్మీద అందరికంటే బాగా గుద్దగలిగినవాడికే బ్యాండేజీ, గ్లోవ్ లేకపోతే ఆ గతి పట్టింది, పుర్రె ఎముక ముందు వేళ్ల ఎముకలు ఎంత.

నేల ఇంకో తేడా. జూడో చాప మీద పడేస్తే ఇప్పాన్, అంటే ఆట గెలిచేసినట్టే, లేచి నమస్కారం పెట్టుకుంటారు, అదే త్రో సిమెంట్ రోడ్డు మీద వేస్తే తల పగులుతుంది. ఒక్క గుద్దుకి పడి తల నేలకి కొట్టుకుని చనిపోయే కేసులు పెరిగి ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 2014లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చింది, తాగిన మత్తులో కొట్టి ప్రాణం తీస్తే కనీసం ఎనిమిదేళ్ల జైలు. మన దగ్గర భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, హక్కు ఉంది, కానీ కాచుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. వాడు కిందపడ్డాక ఎక్కి కూర్చుని ఇంకో నాలుగు గుద్దితే అక్కణ్ణుంచి అది ఆత్మరక్షణ లెక్కలోకి రాకపోవచ్చు, ఎవడో సెల్‌లో వీడియో తీస్తూనే ఉంటాడు.

ఇద్దరు ముగ్గురు మీద పడితే నేలమీద ఫైటింగ్ దాదాపు ఆత్మహత్యే, కానీ అది వద్దనుకున్నా కిందపడతాం, లేవడానికి కూడా గ్రాప్లింగ్, అంటే పట్టులాట, తెలియాలి, ఈ మెలిక చాలామందికి అర్థం కాదు.

కత్తి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సెల్ఫ్ డిఫెన్స్ వర్క్‌షాపుల్లో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. డెమోలో ఏం చేస్తారు, శిష్యుడు రబ్బరు కత్తి పట్టుకుని ఒక అడుగు ముందుకేసి పొడుస్తాడు, చెయ్యి అలాగే చాపి గాల్లో ఉంచుతాడు, మాస్టారు మణికట్టు పట్టుకుని తిప్పి, మోచేతి మీద కొట్టి, కత్తి లాక్కుని, వాణ్ణి కింద పడేసి, చప్పట్లు. నిజంగా పొడిచేవాడు ఎడమ చేత్తో కాలర్ పట్టుకుంటాడు, కుడి చేత్తో పొట్ట దగ్గర చకచకా ఆరేడు సార్లు లాగి పొడుస్తాడు, ఒక్కసారి కూడా చెయ్యి చాపి ఆపడు. నమ్మకం లేకపోతే పాత తెల్ల టీషర్టు వేసుకుని, ఫ్రెండ్ చేతికి ఎర్ర స్కెచ్ పెన్ను ఇచ్చి, మీకొచ్చిన డిఫెన్స్ అంతా వాడండి, పది సెకన్లు. తర్వాత ముంజేతుల మీద, కడుపు మీద, మెడ కింద గీతలు లెక్కపెట్టుకోండి. 1983లో డెనిస్ టుల్లర్ అనే అమెరికన్ పోలీసాయన లెక్కవేసి చూపించాడు, 21 అడుగుల దూరంలో ఉన్న కత్తి మనిషి దాదాపు ఒకటిన్నర సెకన్లో మీదకి వచ్చేస్తాడని, నడుముకి తుపాకీ ఉన్న పోలీసుకే అది తీసి కాల్చడానికి టైం చాలీచాలనట్టు ఉంటుంది. పర్సు ఇచ్చెయ్యండి, పరిగెత్తండి, సందు లేకపోతే కుర్చీయో, బ్యాగో, హెల్మెట్టో అడ్డం పెట్టండి.

ఇజ్రాయెల్ నుంచి వచ్చిన ఆత్మరక్షణ పద్ధతి క్రావ్ మగా నేర్పే స్కూళ్లు ఈ వీధి పరిస్థితుల గురించే మాట్లాడతాయి, పారిపోవడం, చుట్టూ చూడటం, అరవడం నేర్పేవి మంచివే. కానీ ఒత్తిడిలో పరీక్షించకపోతే అదీ కానోకి ముందు జుజుత్సు లాంటిదే, గాల్లో గజ్జల మీద తన్నడం. ఆటలు వీధిలో పనికిరావు అని వాళ్లంటారు, నేనడిగేది ఒక్కటే, మొహం మీద సగం బలంతో జాబ్ వచ్చినప్పుడు కళ్లు మూసుకునే మనిషి వీధిలో కళ్లు తెరిచి ఎవడి గజ్జలు వెతుక్కుంటాడు?

మీ పిల్లల కోసమో మీకోసమో క్లాస్ వెతుకుతుంటే బోర్డు మీద పేరు, గోడ మీద ట్రోఫీలు పక్కన పెట్టి, ఒక సాయంత్రం వెళ్లి మూల కూర్చుని చూడండి. క్లాస్ చివర్లో ఒకరినొకరు ఒప్పుకోకుండా ఆడే పది నిమిషాలైనా ఉందా, సీనియర్లు కొత్తవాళ్ల మీద ప్రతాపం చూపిస్తున్నారా లేక దెబ్బ తగ్గించి ఆడుతున్నారా, మాస్టారు తను కూడా దిగి స్పారింగ్ చేస్తాడా, కుర్రాళ్ల చేతిలో అప్పుడప్పుడు ఓ దెబ్బ తిని నవ్వుతాడా లేక ముట్టుకుంటేనే మర్యాద పోయినట్టు చూస్తాడా. మూడు నెలలకో బెల్ట్ గ్రేడింగ్ అని ఫీజు అడిగి, ఏడాదిన్నరకే బ్లాక్ బెల్ట్ చేతికిచ్చే చోట్ల టైల్స్ పగలగొట్టడం బాగా నేర్పుతారు, టైల్ తిరిగి కొట్టదు. వెళ్లే ముందు ఒక ప్రశ్న అడగండి, జూడో మాస్టారిని పంచ్ వస్తే ఏంటి సార్ అని, బాక్సింగ్ కోచ్‌ని ఎవడైనా కాళ్లు పట్టి లాగేస్తే ఏంటి అని. మా దాంట్లో అన్నిటికీ సమాధానం ఉంది అన్నవాడికి దండం పెట్టి వచ్చెయ్యండి. అది మా దగ్గర నేర్పమండీ, దానికి ఇంకో చోటికి వెళ్లాలి అని చెప్పినాయన దొరికితే ఆ నెల ఫీజు కట్టేయొచ్చు.